ఎనిమిదీ యాభై ఏడు

"ఆ డ్రైవరు నీకేమన్నా చుట్టమా అయివారూ?" ట్రావెలర్స్ బంగళా మెట్లకు అడ్డంగా నిలబడి అడిగాడు బట్టలకొట్టు బదరీనారాయణ.

"కాదు."

"మరి నీకెందుకప్పా? మేమంతా ఎవరి కోసం చెబుతాండామో నీకు తెలీదా? నువ్వు నోరు మూసుకుంటే చాలు. వాడు జైలుకు పోతాడు."

"మీది తప్పు లెక్క," అని లెక్కల పంతులు నబీ రసూల్ అతన్ని తప్పించుకుని లోపలికి నడిచాడు. చంకలో ఒక నోటుబుక్కు ఉంది.

జమ్మలమడుగులో బడి ముందు, ప్రొద్దుటూరు బస్సు కింద పడి ఒక పిల్లవాడు చనిపోయి పన్నెండు రోజులైంది. కడప నుంచి విచారణాధికారి వచ్చాడు. సాయంత్రానికి రిపోర్టు రాజధాని కర్నూలుకు పోవాలి. బస్సులో వచ్చిన ఐదుగురూ ఒకే మాట చెప్పారు: బయలుదేరింది మొదలు బస్సు నలభై మైళ్లకు తగ్గలేదు. బడి గంట విని పిల్లవాడే ఉరుకుతూ అడ్డం వచ్చాడని డ్రైవరు రామాంజులు మొదటిరోజే చెప్పాడు. ఎవరూ రాసుకోలేదు. ఇప్పుడతను గోడకు ఆనుకుని, తలెత్తకుండా నిలబడి ఉన్నాడు.

"పేరు?" అన్నాడు అధికారి.

"లెక్క అయినాక రాసుకోండి సార్."

"మీరేం చూశారు?"

"చూడలేదు. లెక్క చేసినాను."

"ఇంత జరిగినా ఈయప్పకు లెక్కల పిచ్చి పోలే," అని తలుపు దగ్గర ఎవరో గొణిగారు.

నబీ రసూల్ వెనక్కి తిరగలేదు.

"ప్రొద్దుటూరు బస్టాండు పుస్తకంలో బస్సు వదిలింది ఎనిమిదిన్నర. పిల్లోడు పడింది తొమ్మిదింబావు, మొదటి గంట కొట్టేటప్పుడు. ఆ గంట ఊరంతా విన్నారు. నడుమ పన్నెండు మైళ్లు, నలభై ఐదు నిమిషాలు. మూడు చోట్ల మూడేసి నిమిషాలు ఆగింది. అది తీసేస్తే ముప్పై ఆరు. గంటకు ఇరవై మైళ్లు సార్."

"బడి దగ్గరి మలుపులో వేగం పెంచి ఉండొచ్చు కదా?"

"పెంచినాడని వీళ్లలో ఒక్కరూ చెప్పలేదు. మొదట్నుంచీ నలభై అన్నారు. నలభైలో వస్తే పద్దెనిమిది నిమిషాలు. ఆగిన తొమ్మిదీ కలిపినా ఇరవై ఏడు. ఎనిమిదీ యాభై ఏడుకే బస్సు బడి దాటిపోవాల. అప్పటికి పిల్లోడు రోడ్డెక్కనే లేదు."

అధికారి కలం ఆగింది. "ఆ సమయానికి పిల్లవాడు రోడ్డు మీద లేడని మీరెలా చెప్పగలరు?"

"వద్దు అయివారూ," అన్నాడు బదరీనారాయణ. ఈసారి అతని గొంతులో కోపం లేదు.

నబీ రసూల్ నోటుబుక్కు చివరి పేజీ తెరిచి బల్ల మీద పెట్టాడు. పిల్లల చేతిరాత. మూడుసార్లు కొట్టేసి, నాలుగోసారి సరిగ్గా చేసిన దూరం, వేగం లెక్క.

"అప్పుడు వాడు నా ముందర కూర్చొని ఈ లెక్కే చేస్తాండాడు సార్, సరిపోయేదాకా బడికి పొయ్యేది లేదని నా కొడుకును నేనే లేవనీలేదు."