మా వాడు కాదు

“ఈసారి నేనూ లోపలికి వస్తాను అత్తయ్యా” అంది కోడలు, శవాల గది ముందున్న బెంచీ మీంచి లేస్తూ.

“కూర్చో. నువ్వు చూడగలిగేది కాదది.”

“ప్రతిసారీ ఇదే మాటంటారు.”

“ప్రతిసారీ అదే నిజం మరి.”

కోడలు కూలబడింది. ఊరూ పేరూ తెలియని మగ శవం ఎక్కడ దొరికినా పోలీసులు వీళ్లకే కబురు పెడతారు. ఇంట్లో గొడవపడి చెప్పులేసుకుని బయటికి పోయిన కోడలి మొగుడు పోయినవాడు పోయినట్టే ఉన్నాడు. బతికున్నాడని చెప్పినవాళ్లు లేరు, చచ్చాడని చెప్పినవాళ్లూ లేరు. మధ్యలో నలిగిపోయింది ఈ పిల్ల. మొగుడున్న మనిషీ కాదు, లేని మనిషీ కాదు. ఏం బతుకండీ అది? పగవాళ్లకి కూడా వద్దు.

ఇప్పుడు దానికి తోడు ఇంకో చిక్కు. ఆమె పనిచేసే కుట్టు ఫ్యాక్టరీలో కటింగ్ మాస్టరు సొంత షాపు పెట్టుకుందామని వేరే ఊరు పోతున్నాడు. భార్య పోయినవాడు, నెమ్మదస్తుడు. నాతో వచ్చెయ్, పెళ్లి చేసుకుందాం అని మొన్న అడిగాడు.

“ఏం చెప్పావ్ ఆయనకి?” అంది అత్త, చూపు ఎటో పెట్టి.

“ఏం చెప్తాను? రేపు మీ అబ్బాయి వచ్చి తలుపు కొడితే నా మొహం ఎక్కడ పెట్టుకోను? ఏదో ఒకటి తేలేదాకా కదలనన్నాను.”

“ఆయన ఆగుతాడా?”

“ఎందుకాగుతాడు? ఆదివారం వెళ్లిపోతున్నాడు. పోనీండి.” కోడలు చీర కొంగు చివర మెలిపెట్టింది. “నాకిష్టం లేక కాదు” అని గొణుక్కుంది.

అత్తవి పాము చెవులు. విననే వింది.

“మొదటిసారి వచ్చినప్పుడు గుర్తుందా అత్తయ్యా? ఇదే బెంచీ. జ్వరంతో నేను ఇక్కడే పడి ఉన్నాను. మా అన్నయ్య నా పక్కన కూర్చుని, ‘బావేనని తేలితే ఇటు నుంచి ఇటే మనింటికి పోదాం, ఆ ముసలావిడ సంగతి మనకెందుకు’ అన్నాడు. ఒళ్లు మండిపోయింది నాకు. మీరు లోపలికి వెళ్తూ వినే ఉంటారు.”

“విన్నాను.”

“మీరు బయటికొచ్చి ‘మా వాడు కాదు’ అన్నాక గానీ నాకు ఊపిరాడలేదు.”

తలుపు తీసుకుని కాపలా ముసలాయన బయటికొచ్చాడు. ఇన్నిసార్లు చూశాక చుట్టంలాగే పలకరిస్తాడు.

“రా అక్కా. ఇది మరీ అన్యాయం. చాలా రోజులు నీళ్లలో ఉండిపోయింది. మొహమంటూ ఏం మిగల్లేదు. ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకో.”

లోపల పోలీసు గోడకి ఆనుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. ముసలాయన దుప్పటి తీశాడు.

ఆమెకి ఒక్క చూపు చాలింది. ఈ మనిషి పొట్టి, బండ భుజాలు. ఆమె కొడుకు సన్నగా, గుమ్మం దగ్గర తల వంచి నడిచేంత పొడుగు. ఏ తల్లి కన్న బిడ్డో పాపం, ఇలా వచ్చి పడ్డాడు.

“ఏం పెద్దమ్మా, మీ వాడేనా?” పోలీసు తలెత్తకుండానే అడిగాడు. జవాబు ఏమిటో అతనికి ముందే తెలుసు.

ఆమె తలుపు వైపు తిరిగింది. తలుపు సందులోంచి కోడలి వీపు కనిపిస్తోంది. నిండా ముప్పై లేవు. వంగిపోయి కూర్చుంటే వెనకనుంచి ముసలిదానిలా ఉంది.

“మా వాడే” అంది.

పోలీసు ఫోన్ జేబులో పెట్టాడు. “సరిగ్గా చూశావా? గుర్తులేమైనా...”

“కన్నదాన్ని నాయనా. ఇంకేం గుర్తులు కావాలి?”

అతనికీ ఈ కేసు వదిలితే చాలు. సరేనన్నాడు. ముసలాయన మాత్రం ఆమె వైపు ఓసారి చూసి దుప్పటి కప్పాడు.

“మొదటిసారి కాళ్లు రానట్టు నిలబడిపోయావక్కా. ఆ తర్వాత ఎప్పుడొచ్చినా ఇట్టే చూసి ఇట్టే వెళ్లిపోయావు. ఇవాళా అంతే.”

“అప్పుడు కొత్త కదా తమ్ముడూ” అందామె.

బయటికొచ్చిన అత్త మొహం చూడగానే కోడలికి సంగతి అర్థమైంది. ఒక్కసారి చూస్తానని తలుపు వైపు పరిగెత్తబోతే ముసలాయన అడ్డుపడ్డాడు. “వద్దమ్మా. చూసేలా లేదు” అన్నాడు. గోడ పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

“ఏడువు. ఈ ఒక్కసారికి ఏడ్చెయ్” అంది అత్త, ఆమె తల నిమురుతూ. “తర్వాత మాస్టరుకి ఫోన్ చెయ్. ఆదివారం ఆయనతో బయల్దేరు.”

కోడలు కళ్లు తుడుచుకుంది. “మిమ్మల్ని వదిలేసా?”

“నాదేముంది? ఎలాగో వెళ్లిపోతుంది.”

“ఎలా వెళ్తుంది? బకెట్ నీళ్లు ఎత్తలేరు. మెట్లు దిగలేరు. ఇన్నాళ్లూ మీ అబ్బాయొచ్చి చూసుకుంటాడన్న ఆశైనా ఉండేది. ఇక మీకు నేను తప్ప ఎవరున్నారు?”

“పిచ్చిదానా, నా మాట విను. నీ బతుకు నువ్వు చూసుకో.”

“విన్లేను అత్తయ్యా. నేను తట్టుకోలేనని ఇన్నిసార్లు ఆ గదిలోకి మీరొక్కరే వెళ్లారు. కన్నతల్లైనా ఇంత చేస్తుందా? మాస్టరుకి ఇవాళే చెప్పేస్తాను, రానని. మీరున్నన్నాళ్లూ నేను మీ దగ్గరే.”

అత్త నోరు తెరిచింది. ఒక్క మాట చెబితే ఈ పిల్ల తన చెయ్యి విదిలించుకుని పోతుంది. పోయి బాగుపడుతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఈలోగా కోడలు ఆమె చేతిని తన భుజం మీద వేసుకుని, జాగ్రత్త అంటూ మెట్లు దింపసాగింది. ఆమె నోరు మూసుకుంది.

మొదటిసారి దుప్పటి తీసి చూపించింది ఆమె కొడుకునే.