గుంతలో దాచిన కాలు

"కాలు గుంతల వెట్టు! జల్ది వెట్టు! సర్వే ఆయన మన గల్లీలకే మళ్లిండు!"

రోజారమణి గడప దగ్గరి నుంచే కేక వేసింది.

ఆమె భర్త నరహరి మగ్గం పక్కన కాలు చాపుకుని కూర్చున్నాడు. కుడి కాలి బొటనవేలు ఎర్రగా ఉబ్బి ఉంది. లుంగీ అంచు తగిలినా ప్రాణం విలవిలలాడుతోంది. అయినా మూలుగుతూ జరిగి, రెండు కాళ్లూ మగ్గం గుంతలోకి దించాడు.

గుంత మగ్గానికి అదొక సుఖం. నేసేవాడు నేల మీద కూర్చుని, గుంతలోని కర్రలు తొక్కుతాడు. అక్కడి కాలు బయటివాళ్లకు కనబడదు.

మగ్గం పైన గోడకు సర్కారు నంబరు బిళ్ల ఉంది. ఆ నంబరుంటేనే నరహరి కాగితాల్లో నేతగాడు, సర్కారు సాయానికి అర్హుడు. సర్వేవాళ్లు కాళ్లు చెడిన వాళ్ల పేర్లు రాసుకుపోతున్నారని, వాళ్ల మగ్గాల నంబర్లు కొట్టేస్తారని అదే గల్లీలో ఉండే దివాకర్ టీ కొట్టు దగ్గర చెప్పాడు. దివాకర్‌కు ఎవరు చెప్పారో భువనగిరి చుట్టుపక్కల ఒక్కరూ అడగలేదు. భయపెట్టే మాటకు సాక్ష్యం ఎవరడుగుతారు?

వచ్చినాయనకు యాభై ఏళ్లుంటాయి. పాలిపోయిన ముఖం, వదులైన చొక్కా, భుజాన సంచి. గడప మీద కూర్చుని ఆయాసం తీర్చుకున్నాడు.

"నా పేరు వెంకటనర్సు. కీళ్లనొప్పుల మీద డాక్టర్లు పరిశోధన జేస్తున్నరు. జర కాళ్లు సూపెడ్తవా అన్నా?"

"నా కాళ్లకేమైంది సారూ? మంచిగనే ఉన్నయ్."

రోజారమణి చెంబుతో మంచినీళ్లు తెచ్చింది. ఆయన వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు. మనింట్లో నీళ్లు కూడా ముట్టడంటే పెద్ద ఆఫీసరే అయి ఉంటాడని ఆమె గుండె జారిపోయింది.

"బొటనేలు వాస్తదా? తెల్లారి లేచేసరికి నిప్పు వెట్టినట్టు మండుతదా?"

నరహరికి చెమటలు పట్టాయి. చూడకుండానే ఈయనకెలా తెలిసింది?

"అసొంటిదేం లేదు."

"ఉంటే జెప్పన్నా. రక్తంల యూరిక్ యాసిడ్ ఎక్కువైతే సన్నటి సూదుల లెక్క కీళ్లల్ల పేరుకుంటది. జరంత రక్తం పరీక్ష జేస్తే చాలు. అది తగ్గనీకె వేరే మందున్నది."

"మావి నీళ్ల నొప్పులే సారూ. ఫ్లోరైడు. మా మామకు గూడ గిట్లనే ఉండె" అనేసి, రోజారమణి నాలుక కరుచుకుంది.

వెంకటనర్సు గుంత వైపు చూశాడు.

"ఒక్కసారి కాలు బయటికి తియ్యన్నా."

జవాబుగా నరహరి నేయడం మొదలుపెట్టాడు. వాచిన కాలితోనే కర్ర తొక్కాడు. మళ్లీ తొక్కాడు. నూలు చుట్టిన నాడె అటూ ఇటూ ఉరికింది. నొప్పి నడినెత్తికి ఎక్కింది. పళ్లు బిగించి, ముఖాన నవ్వు పులుముకుని తొక్కుతూనే ఉన్నాడు.

వెంకటనర్సు ఆ నవ్వునే చూస్తూ కూర్చున్నాడు. ఆ చూపు నరహరికి నచ్చలేదు. నంబరు పోయినట్టే అనుకున్నాడు.

"నొప్పి గోళీలు మింగుతున్నవా?"

"లేదు."

"మింగకన్నా, నీకు దండం పెడ్త. నొప్పి ఆగుతది గని, రోజూ మింగితే కిడ్నీలు ఖరాబైతయ్."

నిజంగానే రెండు చేతులూ జోడించాడు. దండం పెట్టే ఆఫీసరును వాళ్లెప్పుడూ చూడలేదు. ఇదేదో కొత్త ఎత్తు అనుకున్నారు.

ఆయన మళ్లీ రెండుసార్లు వచ్చాడు. రెండుసార్లూ లోపల గడియ పెట్టుకుని ఊపిరి బిగబట్టారు.

నంబరు దక్కింది. మూడేళ్ల అలవాటు ప్రకారం నరహరి పొద్దున ఒకటి, మాపటికి ఒకటి నొప్పి గోళీ మింగుతూ నేశాడు.

అయిదు నెలలు తిరక్కుండానే ముఖం ఉబ్బింది. మూత్రం తగ్గిపోయింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం.

పెద్ద దవాఖానలో డాక్టరు కాగితాలు చూసి తల పట్టుకున్నాడు.

"యూరిక్ యాసిడ్‌కు మందు వాడలేదు. నొప్పి గోళీలు మాత్రం ఏండ్ల తరబడి మింగిండు. రెండు కిడ్నీలూ దెబ్బతిన్నయ్. డయాలసిస్ చెయ్యాలె. మంచాలన్నీ నిండి ఉన్నయ్ అమ్మా, ఖాళీ కాంగనే ఫోన్ చేపిస్త."

మందులతో నాలుగు రోజులు నెట్టుకొచ్చారు. ఫోన్ మోగితే ఉలికిపాటు, మోగకపోతే బుగులు. రోజారమణి ఆ ఫోన్‌ను కొంగులోనే కట్టుకు తిరిగింది. అయిదో రోజు పిలుపొచ్చింది. దేవుడు కరుణించాడని ఆమె భోరున ఏడ్చింది.

నర్సు కోమల నరహరిని పడుకోబెట్టి మిషన్ తగిలించింది. రోజారమణి ఆమె దగ్గర గోడు వెళ్లబోసుకుంది.

"సర్వేకొచ్చిన వెంకటనర్సు సారు మాట ఇంటే గిట్ల గాకపోవు సిస్టరమ్మా. మగ్గం నంబరు తీసేపిస్తడని తలుపు గూడ తియ్యకపోతిమి."

కోమల చెయ్యి ఆగింది.

"ఆయన ఏ సారూ గాదమ్మా. మీ లెక్కనే నేతగాడు. మీ లెక్కనే కాలు దాసుకోని, గోళీలు మింగి, కిడ్నీలు పోగొట్టుకున్నడు. ఇంకొకల్లకు గిట్ల గావద్దని డాక్టర్లను బతిమాలి ఆ సంచి తీస్కున్నడు. గుక్కెడు నీళ్లు గూడ లెక్కవెట్టి తాగుకుంట, డయాలసిస్ లేని దినమల్లా ఊర్లు తిరిగెటోడు."

నరహరి కళ్లు మూసుకున్నాడు. ఆ జోడించిన చేతులే కనబడుతున్నాయి.

"ఇప్పుడేడుంటడు సిస్టర్? ఒక్కపారి ఆయన కాళ్లు మొక్కాలె."

కోమల దుప్పటి సర్ది, మెల్లగా అంది.

"మొన్నటిదాక గీ మంచం ఆయనదే అన్నా."