వంకర కప్పులు

“మెల్లగా వదినా, ఇప్పుడే పడుకుంది,” అంది మరదలు, ఒక చేత్తో ఉయ్యాల ఊపుతూనే.

గడప దగ్గర చెప్పులు విడిచిన వదిన గొంతు తగ్గించింది గానీ, భుజాన ఉన్న గోనెసంచి మాత్రం దించలేదు. ఆ సంచిని చూడగానే మరదలు ఉయ్యాల్లో దుప్పటి ఇంకాస్త పైకి లాగింది.

వదిన అంటే భర్తకు అక్క. మట్టితో కప్పులూ గిన్నెలూ కూజాలూ చేస్తుంది. ఇప్పుడామె చేసినవి పెద్ద దుకాణాల్లో అద్దాల వెనక దర్జాగా కూర్చుంటున్నాయి. కానీ చెయ్యి తిరగని రోజుల్లో చేసినవన్నీ చుట్టాలకే పంచింది. మొన్నామధ్య ఒక ప్రదర్శనలో ఎవరో అలాంటి పాత కూజా తెచ్చి, “ఇదీ ఈవిడ చేతిదే” అని చూపిస్తే అందరూ నవ్వారట. అప్పటినుంచీ వదిన గోనెసంచి వేసుకుని ఇల్లిల్లూ తిరుగుతోంది. దొరికినవి దొరికినట్టు పట్టుకెళ్లి, దంచి పొడిచేసి, కొత్త మట్టిలో కలిపేస్తోంది.

“పెద్దమ్మ ఇంట్లోవి అయిపోయాయి. బాబాయి ఇవ్వనని మొండికేశాడు. నిన్న ఆయన కాఫీ కలుపుకునేలోగా లాక్కొచ్చాను. ఇక నీ కప్పులే మిగిలాయి. ఏవీ?”

“ఇంకెక్కడి కప్పులు వదినా. చంటిపిల్ల ఉన్న ఇల్లు. ఒక్కటీ మిగల్లేదు.”

“ఉయ్యాల్లో పిల్ల లేచొచ్చి పగలగొట్టిందా?”

“నా చెయ్యే జారింది. నిద్రలేనిదాన్ని కదా.”

వదిన నమ్మినట్టు తలూపి, నమ్మనట్టు వంటింట్లోకి నడిచింది. అల్మరా తలుపులు తీసిన చప్పుడు, గిన్నెలు జరిపిన చప్పుడు వినిపించాయి. అబద్ధం ఆడితే మరదలికి చెమటలు పడతాయి. కొంగుతో మెడ తుడుచుకుంది గానీ ఉయ్యాల దగ్గర నుంచి కదల్లేదు.

“పిండి డబ్బాలో పిండే ఉంది,” అంటూ వదిన తిరిగొచ్చింది. “పురుగు కూడా ఉంది. జల్లించుకో.”

“అలాగే వదినా.”

వదిన కుర్చీ లాక్కుని ఉయ్యాల పక్కనే కూర్చుంది. “పిల్ల బాగా ఒళ్లు చేసినట్టుందే. తాడు కిర్రుమంటోంది.”

“పాలు బాగా తాగుతుంది.”

“ఆ చప్పుడేంటి?”

“గిలక్కాయ. తీస్తే ఊరుకోదు.”

“ఒక్కసారి ముఖం చూసి పోతానే,” అంటూ వదిన దుప్పటి అంచు పట్టుకుంది.

మరదలు చటుక్కున ఆమె మణికట్టు పట్టేసుకుంది. “వద్దు వదినా. లేస్తే ఇక నా వల్ల కాదు.”

వదిన తన చేతిని పట్టుకున్న చేతి వంక చూసింది. మరదలు వదిలేసి తల దించుకుంది.

“సరేలే. పగిలినప్పుడు పీడా పోయిందనుకున్నావా? నిజం చెప్పు. ఒక్కటీ నిటారుగా నిలబడేది కాదు.”

“ఏడ్చాను.”

“వంకర కప్పులకా?”

“కొత్తగా ఈ ఇంటికొచ్చినప్పుడు మీరు నా పిడికిట్లో పచ్చి మట్టి పెట్టి నొక్కమన్నారు. నా వేళ్లు పడిన గుంటలు అలాగే ఉంచి కప్పులు చేశారు. చదువు మధ్యలో ఆపేసి వచ్చినదాన్ని, మీ అందరి మాటల్లో నాకు సగం అర్థమయ్యేవి కావు. టీ పోసుకుని ఆ కప్పు పట్టుకుంటే ఇంట్లో నాకూ ఒక చోటుందనిపించేది. పాప ఎందుకేడుస్తోందో తెలియక నాకూ ఏడుపొచ్చినప్పుడు అదే పట్టుకుని కూర్చునేదాన్ని. మీరిప్పుడు చేసేవి చాలా బాగుంటాయి వదినా. ముట్టుకోవాలంటేనే భయం.”

వదిన గోళ్ల సందుల్లో ఎండిన మట్టిని గోక్కుంది. తర్వాత లేచి, ఖాళీ సంచిని మడతపెట్టి చంకలో పెట్టుకుంది.

“టీ తాగి వెళ్లండి వదినా.”

“ఎందులో పోసిస్తావు?”

మరదలు ఉయ్యాలను ఇంకాస్త గట్టిగా ఊపింది. వదిన చెప్పులేసుకుని, మెట్టు మీద ఒక కాలు పెట్టి వెనక్కి తిరిగింది.

“ఆ ఉయ్యాల మరీ గట్టిగా ఊపకు,” అంది. “పాపను కిందింట్లో ముద్దుపెట్టుకునే పైకొచ్చాను.”