పెన్సిలు ముక్క

"అవ్వా, ఆ పెన్సిలు ఇటివ్వు," అన్నాడు పోలింగు అధికారి.

ఇస్త్రీ అవ్వ గుడ్డసంచిలో పెన్సిలు ముక్క, మడిచిన కాగితం దొరికాయి. బూతులోకి రాసుకునేవేవీ తేకూడదని పొద్దున్నే గోడకి నోటీసు అంటించారు. ఇరవై ఏళ్ళుగా గద్దె దిగని పెద్దాయన ఇంకా ఉండాలా, వద్దా అని ఆ రోజు ఓటింగు. ఎందరు ఓటేశారన్న లెక్క బయటివాళ్ళ చేతిలో పడటం ఆయన మనుషులకి ఇష్టం లేదు. అవ్వ వీధి ప్రార్థన సంఘం తరఫున ఏజెంటుగా వచ్చింది.

అధికారి కాగితం చించేసి, పెన్సిలు తన జేబులో వేసుకుని, ఇంకేం ఉన్నాయని అడిగాడు. జపమాల ఉందంది. కానిస్టేబులు నవ్వాడు. సరే, అది ఉంచుకోమన్నారు.

అవ్వ తలుపు పక్క బల్లమీద కూర్చుంది. పెదవులు కదులుతూనే ఉన్నాయి, పూసలు జరుగుతూనే ఉన్నాయి. మంచినీళ్ళకి కూడా లేవలేదు. మధ్యమధ్య తలగుడ్డ అంచు సవరించుకునేది.

"మాకోసం కూడా ఓ మాల తిప్పవ్వా," అన్నాడు అధికారి.

"పొద్దుటినుంచీ మీ పనిమీదే ఉన్నాను బాబూ."

ఐదింటికి తలుపు మూశారు. అధికారి పెట్టెకి సీలు వేసి, పోలైన ఓట్లు తొమ్మిది వందల పన్నెండని రాశాడు.

"నాలుగు వందల ఏడు," అంది అవ్వ.

"ఏ కాగితంలో చూసి చెబుతున్నావు?"

అవ్వ తలగుడ్డ తీసి బల్లమీద పరిచింది. అంచున ఎనిమిది ముడులు. ఓటేసిన మనిషికో మరియమ్మ జపం, జపానికో పూస. యాభై పూసలయ్యాక ఒక ముడి. ఎనిమిది ముడులు పోగా, వేలు ఏడో పూసమీద ఆగి ఉంది.

పూసల లెక్క ఎక్కడా చెల్లదని, పెట్టె జీపెక్కించమని అధికారి గట్టిగా చెప్పాడు. కానిస్టేబులు తలుపు తీశాడు. గుమ్మానికి అడ్డంగా సంఘంవాళ్ళు కూర్చుని ఉన్నారు. వాళ్ళ వెనక వీధి వీధంతా. ఎవరూ అరవలేదు, ఎవరూ లేవలేదు. సంఘం పెద్ద అయిన దర్జీ మాత్రం నోరు విప్పాడు.

"ఆ పెట్టె దారిలో బరువెక్కుతుందేమోనండీ. ఇక్కడే విప్పండి."

కుదరదన్నాడు అధికారి. అయితే కూర్చుంటామన్నారు. గంట గడిచింది. జీపు డ్రైవరు కూడా దిగొచ్చి వాళ్ళ పక్కన చతికిలబడ్డాడు.

పెట్టె విప్పక తప్పలేదు. అందరి ముందూ లెక్కపెట్టారు. నాలుగు వందల ఏడు. అందులో మూడు వందల అరవై 'వద్దు'.

అధికారి మొహం తుడుచుకున్నాడు. జేబులోంచి పెన్సిలు ముక్క తీసి బల్లమీద పెట్టాడు.

"తీసుకో అవ్వా. ఇది లాక్కుంటే సరిపోతుందనుకున్నాను."

"ఉంచుకోండి బాబూ. వెతికే చేతికి ఏదో ఒకటి తగలాలని తెచ్చాను. నాకు రాయడం రాదు."