మనోజ్ఞ నంబరు

“కొట్టు వెబ్‌సైటుని కొత్త వెర్షన్‌కి మార్చాలంటే ఓటీపీ కావాలి పిన్నీ. అది మనోజ్ఞ నంబరుకే వెళ్తుంది,” అన్నాడు గిరిధర్ నెమ్మదిగా.

తాడేపల్లిగూడెంలోని ఇందుమతి వాళ్ళ అప్పడాల కొట్టుని ఆన్‌లైన్‌లో పెట్టింది ఆమె కూతురు మనోజ్ఞే. ఆ పిల్ల జ్వరంతో పోయి రెండేళ్ళయింది.

“ఆ నంబరు ఇంకెక్కడుంది నాయనా!” అంది ఇందుమతి.

ఇన్నాళ్ళూ కూతురి పేరైనా ఎత్తని భర్త నరసింహమూర్తిది రాతిగుండె అనుకుని, లోలోపలే కుమిలిపోయిందామె. ఇప్పుడాయన చొక్కా జేబులోంచి మనోజ్ఞ ఫోను తీశాడు.

“ఇది పనిచేస్తోందాండీ?”

“రీచార్జి చేయించకపోతే దాని నంబరు ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారటే. అందుకని నెలనెలా చేయిస్తున్నాను.”

ఓటీపీ వచ్చింది. రెండంకెలు చదివి, ఆయన ఫోను ఇందుమతి వైపు తిప్పాడు. ఇందుమతి ఆయన చెయ్యి పట్టుకుని, మిగతావి తను చదివింది.