పాత గ్యాస్

కారులో ఏసీ వేడిగాలి కొట్టింది.

అక్షయ గుండెల్లో రాయి పడింది.

ముఖం నిండా రంగు, కళ్ళకు బారుగా కాటుక, తలనిండా పూలు. సాయంత్రం కూచిపూడి ఊళ్ళో ఆమె మొదటి నాట్య ప్రదర్శన.

"అక్కడ మేకప్పుకి పెద్ద క్యూ ఉంటుందమ్మా. ఇక్కడే వేయించుకుని దర్జాగా వెళదాం" అన్నది తాతయ్య రామకోటేశ్వరరావు గారి సలహా. బెజవాడ ఎండలు ఆయన్ని అడిగి కాయవు కదా!

పటమట దాటకముందే ఆమె కణతల మీద రంగు చెమర్చింది.

క్యాబ్ కోసం ప్రయత్నించారు. వస్తానన్న వాళ్ళందరూ అంత దూరమా అని క్యాన్సిల్ చేశారు. చేసేది లేక పాత కారునే ఆటోనగర్‌లో సొలొమోను ఏసీ షాపుకి తోలారు.

సొలొమోను బానెట్ ఎత్తి చూశాడు.

"జాయింటు దగ్గర లీకైందండీ. అది బిగించేస్తాను. గ్యాసుతోనే చిక్కు. మీ బండికి పాతకాలం గ్యాసు పట్టాలి. అదిప్పుడు రావట్లేదు."

"కొత్తది పట్టెయ్" అన్నారు తాతయ్య.

"పడదండీ. దాని ఆయిల్ వేరు, రింగులు వేరు. అన్నీ మార్చి రేపిస్తాను."

"ప్రోగ్రాం ఇవాళయ్యా! ఎలాగోలా పట్టెయ్, తర్వాత చూసుకుందాం."

"కంప్రెసర్ బిగుసుకుపోతే దారిలో నన్నే తిట్టుకుంటారు."

ఎవరికీ లొంగని రామకోటేశ్వరరావు గారు మనవరాలిని చూసి బిక్కమొహం వేశారు.

పక్కనే అచ్చం అలాంటి పాత కారే ఇంకొకటి ఉంది, బెల్టు బిగింపు కోసం వచ్చింది. దాని పక్కన ఒక పెద్దాయన. ముఖానికి వదులుగా తువ్వాలు చుట్టుకుని, పైన నల్లద్దాలు పెట్టుకున్నాడు. సొలొమోను మంచినీళ్ళిచ్చినా తువ్వాలు తియ్యలేదు.

అక్షయ కర్చీఫ్‌తో నుదురు తుడుచుకోబోయింది.

"తుడవకు తల్లీ! చిటికెనవేలికి గుడ్డ చుట్టి, ఇలా అద్దుకో" అన్నాడు పెద్దాయన.

ఆమెకు చిర్రెత్తుకొచ్చింది. "మేకప్ సంగతి మీకేం తెలుసండీ?"

"అదీ నిజమేలే" అని నవ్వాడు. "ఎక్కడ ఆట?"

"కూచిపూడిలో."

"మొదటిసారా?"

"అవునండీ" అంది.

పెద్దాయన సొలొమోను భుజం మీద చెయ్యి వేసి పక్కకు తీసుకెళ్ళాడు. కాసేపటికి సొలొమోను ఒక్కడే వచ్చాడు.

"ఒకచోట కాస్త పాత గ్యాసుందండీ. మీరు లోపల కూలర్ ముందు కూర్చోండి."

వాళ్ళు బయటికొచ్చేసరికి కారు చల్లగా ఉంది. పెద్దాయన అప్పటికే వెళ్ళిపోయాడు.

ఉయ్యూరు దగ్గర ఆయన కారును దాటారు. అద్దాలన్నీ దించి ఉన్నాయి. వడగాలికి తువ్వాలు కొస ఎగురుతోంది.

"ఏసీ లేదేమో పాపం. ఈ ఉక్కలో మళ్ళీ ఆ తువ్వాలొకటి!" అక్షయ కిసుక్కున నవ్వింది.

ఆ సాయంత్రం ఆమె ముచ్చటగా ఆడింది. ముఖాన రంగు చెక్కు చెదరలేదు. అందరూ చప్పట్లు ఆపాక కూడా తాతయ్య కొడుతూనే ఉన్నారు.

ఆ సంతోషంలో సొలొమోనుకి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టారు.

"బంగారంలాంటి పని చేశావయ్యా! ఇంతకీ ఎక్కడిదా గ్యాసు?"

"చెప్పొద్దన్నారండీ... ఆ తువ్వాలు పెద్దాయన బండిలోదే. పాపకి మొదటి ఆట, రంగు కారకూడదన్నారు. మొత్తం తీయించేశారు."

అక్షయ తల దించుకుంది. "రేపు ఆయన్ని వెతుకుదాం తాతయ్యా. సారీ చెప్పాలి."

"తప్పకుండా. ఇక చూడు, ఇప్పుడొచ్చే ఆట కోసమే జనమంతా వచ్చింది. నీ వయసులో ఈయన ఆడవేషం చూడ్డానికి సైకిలేసుకుని వచ్చేవాణ్ణి. రంగు ఇంట్లో తన పాత అద్దం ముందే వేసుకుని వస్తారట. ఇవాళ్టితో గజ్జెలు విప్పేస్తున్నారు."

వేదిక మీద ఇద్దరు పట్టుకున్న తెర మీదుగా పొడవాటి జడ జారింది. జనం లేచి నిలబడ్డారు.

తెర తొలగింది. నాయిక ముఖం మీద రంగు చారికలు కట్టింది. కాటుక బుగ్గల దాకా కారింది.

"అయ్యో, ఎంత అందంగా ఉండాల్సిన ముఖం!" అంది అక్షయ.

నాయిక సిగ్గుపడుతున్నట్టు పక్కకు తిరిగి, చిటికెనవేలికి కొంగు చుట్టుకుని, చెమటను తుడవకుండా మెల్లగా అద్దుకుంది.