వంశం గుర్తు

పద్నాలుగేళ్ల తులసి మోచేతి మీది పసుపుపచ్చని గడ్డల్ని డాక్టరు నొక్కి చూస్తుంటే, నాయనమ్మ బంగారమ్మ కుర్చీలోంచి మళ్లీ లేచింది.

“రాజోలు బస్సుకి వేళైపోతోందండి. సైకిలు తొక్కితే గుండెల్లో పట్టేసినట్టుంటోందంట, దానికి మందివ్వండి చాలు. ఆ గడ్డల జోలికెళ్లకండి. అవి మా వంశం గుర్తు.”

“ఇంకెవరికున్నాయమ్మా?”

“మా ఆయనకుండేవండి. దీని నాన్నకైతే మడమల మీద కూడానూ.” ఆవిడ గొంతులో గర్వం.

“వాళ్లెలా పోయారు?”

“గుండె నొప్పొచ్చేనండి. ఆయన కొబ్బరి దింపు దగ్గర, అబ్బాయి రొయ్యల చెరువు గట్టు మీద. ఇద్దరికీ నలభై నిండలేదు.”

డాక్టరు పెన్ను కింద పెట్టాడు.

“రక్తంలో కొవ్వు బాగా ఎక్కువైతే వచ్చే గడ్డలమ్మా ఇవి. ఆ కొవ్వే గుండె రక్తనాళాల్లోనూ పేరుకుంటుంది. మీ ఇంట్లో ఇది పుట్టుకతో వస్తోంది. తులసికి ఇప్పుడే మందులు మొదలెడదాం. ఇంకా పిల్లలున్నారా?”

బంగారమ్మ మళ్లీ కుర్చీలో కూర్చుంది.

“తమ్ముడున్నాడండి. వాడికింకా గుర్తు రాలేదని, వాడికీ రావాలని అంతర్వేది సామికి మొక్కేనండి. ఇప్పుడు వద్దని ఎలా చెప్పుకోనండీ?”